సూర్యుడి అంచున పసుపు గీత

1868 ఆగస్టు 18, మంగళవారం. శ్రావణ అమావాస్య. మన ఇళ్లలో పోలాల అమావాస్య పూజ చేసుకునే రోజు. ఆ ఉదయం గుంటూరులో, ఒక ఫ్రెంచి వర్తకుడి మేడ మీద, ఫ్రాన్స్ నుంచి ఓడెక్కి వచ్చిన పియెర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త దుర్భిణికి కన్ను ఆనించి ఉన్నాడు. కొన్నాళ్లుగా బెంగపెట్టిన వానమబ్బులు ఆ పూటకు విడిచాయి. చంద్రుడు కొంచెం కొంచెంగా జరిగి సూర్యుణ్ణి నిండా కప్పేశాడు. పట్టపగలు చీకటి పడింది. నల్లటి బింబం చుట్టూ వెండి కాంతి విచ్చుకుంది. బింబం అంచున గులాబీ ఎరుపులో జ్వాలలు నిలబడి కనిపించాయి. అందులో ఒకటి ఎంత పొడవంటే, ఆ గ్రహణం చూసినవాళ్లు దాన్ని ‘పెద్ద కొమ్ము’ అని పిలుచుకున్నారు.

ఆ చీకటి ఉన్నది ఐదు నిమిషాల పైచిలుకు. మళ్లీ వెలుగొచ్చేలోగా తేలవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ జ్వాలలు దేనితో అయ్యాయి?

తొమ్మిది కోట్ల మైళ్ల అవతల ఉన్న మంట దేనితో మండుతోందో ఇక్కడ మేడ మీద కూచుని ఎలా చెప్పడం? చెప్పవచ్చునని అప్పటికి తొమ్మిదేళ్ల ముందే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్, బున్‌సెన్ తేల్చారు. వంట చేసేటప్పుడు ఉప్పునీళ్లు పొంగి స్టౌ మీద పడితే, నీలంగా ఉన్న మంట ఒక్కసారిగా పసుపెక్కడం మనందరం చూసిందే. ఆ పసుపు ఉప్పులోని సోడియానిది. ఆ మంట వెలుగును సన్నటి చీలిక గుండా పంపి పట్టకంతో విడదీస్తే, పసుపు రంగు వచ్చే చోట రెండు గీతలు పక్కపక్కనే మెరుస్తాయి. సోడియం ఎక్కడ కాలినా ఆ రెండు గీతలే, ఆ చోటునే. ఇనుముకు వేరే గీతలు, కాల్షియానికి వేరే గీతలు. ఏ మూలకం గీతలు దానివే, ఇంకొకదానికి రావు. పల్చటి వాయువు వేడెక్కితే ఇలా విడివిడి గీతలు వస్తాయి. అదే మండే ఘనపదార్థమో, ఒత్తుగా కిక్కిరిసిన వాయువో అయితే ఎరుపు నుంచి ఊదా దాకా తెగని రంగుల పట్టీ వస్తుంది.

జాన్సెన్ తన పరికరం చీలికను ఆ జ్వాల మీదికి తిప్పాడు. రంగుల పట్టీ లేదు. నల్లటి నేపథ్యం మీద ప్రకాశవంతమైన గీతలు నిలువుగా వెలిగాయి. ఎరుపులో ఒకటి, నీలంలో ఒకటి: రెండూ హైడ్రోజన్‌వి. అంటే ఆ జ్వాలలు సూర్యుడి ఒంటి నుంచి లేచిన వాయువులు, అందులో ప్రధానం హైడ్రోజన్. ప్రశ్నకు జవాబు దొరికింది.

ఆ రోజు ఆ నీడ మన నేల మీద చాలామందిని తాకింది. గుంటూరులోనే మేజర్ టెన్నంట్ నాయకత్వంలో ఇంగ్లీషు వాళ్ల బృందం ఉంది. మచిలీపట్నంలో, అంటే మన బందరులో, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పోగ్‌సన్ ఉన్నాడు. నిజాం రాజ్యంలోని వనపర్తిలో అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి ఉన్నాడు. పంచాంగకర్తల కుటుంబంలో పుట్టి, దుర్భిణి పట్టి, అంతకు ఏడాది ముందే ఆకాశంలో ఒక చరతారను కనిపెట్టిన మనిషి ఆయన. వనపర్తి నుంచి బందరు దాకా ఒకే నీడ కింద ఇంతమంది తలెత్తి నిలబడిన ఉదయం మన చరిత్ర పుస్తకాల్లో ఒక్క పేరాకైనా నోచుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది.

జాన్సెన్ అసలు గొప్పతనం మాత్రం గ్రహణం విడిచాక బయటపడింది. ఆ గీతల వెలుగు చూసిన క్షణంలోనే ఆయనకొక ఆలోచన తట్టింది. ఇంత ప్రకాశంగా ఉన్నవి మామూలు రోజున ఎందుకు కనపడవు? జ్వాలలు ఎక్కడికీ పోవు, సూర్యుడి అంచునే ఉంటాయి. అడ్డొస్తున్నది మన గాలి. సూర్యకాంతి గాలిలో చెదిరి ఆకాశమంతా మెరుస్తుంటే, ఆ మెరుపులో జ్వాలలు మునిగిపోతున్నాయి. చెదిరిన ఆ కాంతిలో అన్ని రంగులూ ఉన్నాయి కనుక, పట్టకంతో ఎంత వెడల్పుగా పరిస్తే అంత పల్చబడిపోతుంది. జ్వాలల కాంతి అలా కాదు, రెండు మూడు గీతల్లోనే ముద్దగా ఉంది. ఎంత పరిచినా గీత గీతగానే మిగులుతుంది. కాబట్టి బాగా పరిచి చూస్తే నేపథ్యం మసకబారి, గీత పైకి తేలాలి.

మర్నాడు ఆగస్టు 19 ఉదయం, గ్రహణమూ లేదు, ఏమీ లేదు. చీలికను సూర్యబింబం అంచుకు కొంచెం ఆవలగా పెట్టి చూశాడు. ఎర్రటి గీత వెలుగుతోంది. చీలికను అంచు చుట్టూ జరుపుకుంటూ పోతే, గీత ఎక్కడ పొడుగైతే అక్కడ జ్వాల ఉన్నట్టు, ఎక్కడ తెగిపోతే అక్కడ లేనట్టు. అలా నిండు ఎండలో జ్వాలల ఆకారం గీసుకున్నాడు. నిన్న చూసిన జ్వాలలు ఇవాళ రూపు మార్చుకున్నాయి. అవి కదులుతున్నాయి, లేస్తున్నాయి, కూలుతున్నాయి. గ్రహణం కోసం ఏళ్ల తరబడి కాచుకుని, సముద్రాలు దాటి, మబ్బు పడితే ఏడుస్తూ వెనక్కి పోయే అవసరం ఆ ఉదయంతో చాలామటుకు తీరిపోయింది. నా లెక్కలో ఆ నెలలో గుంటూరులో జరిగిన అసలు ఆవిష్కరణ ఇదే.

ఆ వార్తను ఉత్తరంగా రాసి, సెప్టెంబరు 19న కాకినాడ నుంచి పారిస్ సైన్సు అకాడమీకి పంపాడు. ఉత్తరం ఓడలో ఊగుతూ వెళ్లేలోపు, అక్టోబరు 20న, ఇంగ్లండులో నార్మన్ లాకయర్ అనే ఖగోళ శాస్త్రవేత్త అదే ఉపాయంతో అవే గీతలను చూశాడు. ఆయనకు కాకినాడ ఉత్తరం సంగతి తెలియదు. అక్టోబరు 26న అకాడమీలో ఒకే సమావేశంలో రెండు ఉత్తరాలూ చదివారు. ముందెవరు, వెనకెవరు అని ఇద్దరూ తగువు పడలేదు, స్నేహితులయ్యారు. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉన్న పతకం ముద్రించింది.

ఇక పసుపు గీత సంగతి. గుంటూరులో జాన్సెన్ హీలియంను కనిపెట్టాడని మనం తరచు చదువుతుంటాం. మన ఊరి పేరు కనుక సంతోషంగానే ఉంటుంది. కానీ జరిగింది అంతకన్నా బాగుంటుంది. ఆ గ్రహణంలో జ్వాలల్ని చూసిన పలువురికి ఎరుపు, నీలం గీతలతో పాటు పసుపులో కూడా ఒక గీత కనిపించింది. మచిలీపట్నంలో పోగ్‌సన్ కూడా దాన్ని తన నివేదికలో ఎక్కించాడు. చాలామంది దాన్ని సోడియం అనుకుని వదిలేశారు. తర్వాత లాకయర్ తీరిగ్గా కొలిచి చూస్తే, సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే, ఇది 587.6 దగ్గర ఉంది. తేడా వెంట్రుకవాసి. ఆ వాసి తేడాను ఆయన వదల్లేదు. రసాయన శాస్త్రవేత్త ఫ్రాంక్‌లాండ్‌తో కలిసి ప్రయోగశాలలో హైడ్రోజన్‌ను వేడి చేసి, ఒత్తి, పల్చన చేసి రకరకాలుగా చూశాడు. ఆ గీత రాలేదు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత లేదు. అయితే ఇది ఇక్కడ ఎవరూ ఎరగని మూలకం అయి ఉండాలి. సూర్యుడి గ్రీకు పేరుతో దానికి హీలియం అన్నారు.

గుంటూరు, బందరు, లండన్. ఒకరు చూపిన దారిలో ఒకరు, ఒకరు విడిచిన చోట ఒకరు. ఒక్క మనిషి చేతికి కట్టబెట్టి కథను చిన్నది చేయడం అనవసరం.

సూర్యుడి బరువులో నాలుగో వంతుకు పైగా హీలియమే. మరి మామూలు ఎండను పట్టకంతో విడదీసినప్పుడు దాని జాడ ఎందుకు కనపడదు? హీలియం పరమాణువులో రెండే ఎలక్ట్రాన్లు. వాటిని కేంద్రకం తన దగ్గర ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, మరే మూలకమూ అంత గట్టిగా పట్టుకోదు. ఆ పసుపు వెలుగు రావాలంటే ముందు ఒక ఎలక్ట్రాన్‌ను చాలా ఎత్తుకు ఎగదోయాలి. మనకు కనిపించే సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీలు మాత్రమే, ఆ వేడి అందుకు చాలదు. అక్కడ హీలియం నోరు విప్పదు. ఉపరితలానికి పైన, అంచున లేచే జ్వాలల్లో పరిస్థితి వేరు. అక్కడ అది వెలుగుతుంది. అందుకే దాన్ని చూడాలంటే బింబాన్ని తప్పించి అంచును మాత్రమే చూడాలి. గ్రహణం రోజున చంద్రుడు ఆ పని చేసిపెట్టాడు.

భూమ్మీద లేని మూలకం అంటే చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. ఇరవై ఆరేళ్లు గడిచాయి. 1895 మార్చిలో లండన్‌లో విలియం రామ్సే, యురేనియం ఉన్న క్లీవైట్ అనే నల్లటి ఖనిజాన్ని ఆమ్లంలో కాచి, వచ్చిన వాయువును గాజు గొట్టంలో పట్టి విద్యుత్తు పంపాడు. పసుపు గీత వెలిగింది. సోడియం పక్కనే పెట్టి చూశాడు, రెండూ కలవలేదు. క్రూక్స్ అనే మిత్రుడికి పంపితే ఆయన కొలిచి చెప్పాడు: ఇది సూర్యుడి గీతే.

సూర్యుడిది రాతిలోకి ఎలా వచ్చింది? దీనికి జవాబిచ్చిన ప్రయోగం భౌతికశాస్త్రం మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైనది. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ చేశారు. రేడియోధార్మిక పదార్థాల నుంచి ఆల్ఫా కణాలనేవి దూసుకొస్తాయని అప్పటికి తెలుసు. అవి ఏమిటో తేలలేదు. గాజు ఊదే నిపుణుడు ఒకాయన, పేరు బామ్‌బాక్, మిల్లీమీటరులో నూరోవంతు కన్నా పల్చటి గోడ ఉన్న సన్న గొట్టం ఊదిపెట్టాడు. వాయువు దాటి పోలేదు, కానీ దూసుకొచ్చే ఆల్ఫా కణం దాటిపోతుంది. అందులో రేడాన్ వాయువు నింపి, దాని చుట్టూ గాలి తీసేసిన మరో గొట్టం అమర్చారు. అప్పుడు ఆ బయటి గొట్టంలో ఏమీ లేదు. రెండు రోజులు ఆగి, అందులో చేరినదాన్నంతా పైకి నెట్టి విద్యుత్తు పంపితే పసుపు గీత మసకగా కనిపించింది. ఆరు రోజులకు హీలియం ముఖ్యమైన గీతలన్నీ తేలాయి. ఖాళీ గొట్టంలో ఒక మూలకం వాళ్ల కళ్ల ముందు పోగుపడింది. ఆల్ఫా కణమంటే హీలియం కేంద్రకమే: రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. దారిలో దొరికిన రెండు ఎలక్ట్రాన్లను కలుపుకుంటే హీలియం పరమాణువు.

కాబట్టి మన భూమ్మీద ఉన్న హీలియం సూర్యుడి నుంచి వచ్చింది కాదు. రాళ్లలోని యురేనియం, థోరియం విరిగి విరిగి వదిలింది. ఒక్కో యురేనియం పరమాణువు సీసంగా మారేలోపు ఎనిమిది హీలియం కేంద్రకాలను విడిచిపెడుతుంది. కడప జిల్లా తుమ్మలపల్లె గనిలో ఈ క్షణానా అది పుడుతోంది. భీమిలి ఒడ్డున ఇసుకలో థోరియం దాచుకున్న మోనజైట్ రేణువుల్లో పుడుతోంది. మన గ్రానైటు కొండల గర్భంలోనూ పుడుతోంది. పుట్టడం మాత్రం ఎంత నెమ్మదంటే, చేతిలోని యురేనియం సగం తరగడానికి దాదాపు 450 కోట్ల సంవత్సరాలు పడుతుంది. భూమి వయసంత.

సూర్యుడిలో అది పుట్టే తీరు పూర్తిగా వేరు. అక్కడ పగలడం లేదు, అతుక్కోవడమే. కోటీ యాభై లక్షల డిగ్రీల గర్భంలో నాలుగు హైడ్రోజన్ కేంద్రకాలు అంచెలంచెలుగా కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి. నాలుగింటి బరువు కన్నా తయారైన ఒక్కటి కాస్త తేలిక. తగ్గిన ఆ కాస్త బరువే వెలుగు. సెకనుకు దాదాపు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ అలా మారుతుంటే, అందులో 40 లక్షల టన్నులకు పైగా కాంతిగా, వేడిగా పోతోంది. వడియాలు ఎండబెట్టుకునే ఎండ అదే. వరి కంకిలో గింజ గట్టిపడేదీ దానితోనే. అలా ఇంకో 500 కోట్ల ఏళ్లు సాగుతుంది.

అయినా సూర్యుడిలోని హీలియంలో ఎక్కువ భాగం సూర్యుడు చేసుకున్నది కాదు, పుడుతూ తెచ్చుకున్నది. 1,380 కోట్ల సంవత్సరాల కిందట విశ్వం మొదలైన తొలి నిమిషాల్లోనే హైడ్రోజన్ కేంద్రకాల్లో కొన్ని కలిసి హీలియం అయ్యాయి. బరువులో మూడొంతులు హైడ్రోజన్, ఒక వంతు హీలియం. మిగతావన్నీ, మన ఎముకల్లో కాల్షియం, రక్తంలో ఇనుము, పీల్చే ఆక్సిజన్, చాలా తర్వాత నక్షత్రాల్లో వండినవి. నక్షత్రాల్లో ఈ రెండే అధికమని మొదట లెక్కగట్టి చెప్పినది సిసీలియా పేన్. 1925లో ఆమెకు పాతికేళ్లు. మన మేఘనాద్ సాహా 1920లో కట్టిన సమీకరణం ఆమె లెక్కకు ఆధారం. పెద్దలు ఆ ఫలితాన్ని నమ్మలేక, అది నిజం కాకపోవచ్చునని ఆమె చేతనే రాయించారు. కొన్నేళ్లకు ఆమెదే నిజమని ఒప్పుకున్నారు.

పేరులో సూర్యుడు ఉన్నా, ఈ వాయువు మనకు పనికొచ్చేది చల్లదనానికి.

వాయువులన్నిటినీ చల్లబరిచి ద్రవాలుగా మార్చుకుంటూ వచ్చిన శాస్త్రవేత్తలకు చివరిదాకా లొంగనిది హీలియం. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ దాన్ని లొంగదీసిన రోజు 1908 జులై 10. హీలియం కోసం ఆయన తెప్పించుకున్నది మోనజైట్ ఇసుకే. తెల్లారగట్ల మొదలైన పని సాయంత్రం దాకా సాగింది. ఉష్ణమాపకం ఒకచోట ఆగిపోయి ఇంక దిగడం లేదు. గాజుపాత్రలో ఏమీ కనపడటం లేదు. చూడటానికి వచ్చిన తోటి ఆచార్యుడొకడు, ఆ మాపకం ద్రవంలోనే మునిగి ఉందేమో, కింది నుంచి దీపం పట్టి చూడమన్నాడు. పట్టారు. ద్రవం ఉపరితలం పదునైన అంచులా మెరిసింది. అప్పటికే పాత్ర దాదాపు నిండి ఉంది. దాని వేడి సున్నాకు 269 డిగ్రీలు కింద. ఏ చలికీ అందనంత చలి అది, ప్లూటో మీది కన్నా చల్లన.

ఇంకో రెండు డిగ్రీలు దించితే హీలియం ఇంకా విడ్డూరంగా మారిపోతుంది. దానికి జిగట అనేదే ఉండదు. గిన్నెలో పోసి వదిలితే, కంటికి కనపడని పొరగా గోడ వెంట పైకి పాకి, అంచు దాటి, బయటివైపు దిగి, అడుగున బొట్లు బొట్లుగా రాలి గిన్నె ఖాళీ అయిపోతుంది. 1938లో ఈ జిగటలేని గుణాన్ని మాస్కోలో కపిట్సా, కేంబ్రిడ్జిలో ఆలెన్, మైసెనర్ ఒకేసారి ప్రకటించారు. ఎంత చల్లబరిచినా, గట్టిగా నొక్కితే తప్ప, ఇది గడ్డకట్టదు. అలా గడ్డకట్టనిది మూలకాల్లో ఇదొక్కటే.

ఆ చలి ఇప్పుడు గుంటూరులోనూ ఉంది. విజయవాడలో, వరంగల్లులో, కర్నూల్లో, పెద్ద ఆసుపత్రి ఉన్న ప్రతి ఊళ్లోనూ ఉంది. ఎమ్మారై గది తలుపు అవతల.

మా అమ్మకు నడుము నొప్పికని స్కానింగు రాశారు. లోపలికి వెళ్లే ముందు అక్కడి అమ్మాయి, “పెద్దమ్మా, ఒంటి మీద ఇనుమేదీ ఉండకూడదు. తలలో స్లైడ్లు తీసెయ్యండి. గాజులకు పిన్నీసులు పెట్టుకున్నారేమో చూసుకోండి” అంది. “తాళి కూడా తియ్యాలా?” అని అమ్మ. “బంగారం లాగదు గానీ, బొమ్మ చెడుతుంది. తియ్యాల్సిందే పెద్దమ్మా. కావాలంటే పసుపుతాడు కట్టుకోండి.” గాజులకూ, తాడుకూ తగిలించిన పిన్నీసులన్నీ తీసి నా దోసిట్లో పోసింది అమ్మ. తలుపు సందులోంచి ఆ తెల్లటి సొరంగం కనిపించింది. దాని గోడలో, అమ్మ నడుముకు జానెడు మూరెడు దూరంలో, సున్నాకు 269 డిగ్రీల కింద హీలియం ఉందని నాకు తెలుసు. చెబితే భయపడుతుందని ఊరుకున్నాను.

ఆ గోడలో జరిగేది ఇది. నయోబియం, టైటానియం కలిపి తీసిన తీగ మైళ్ల పొడవున చుట్టలు చుట్టి ద్రవ హీలియంలో ఉంచుతారు. ఆ చలిలో దానికి విద్యుత్ నిరోధం ఏమాత్రం ఉండదు. ఒకసారి కరెంటు ఎక్కిస్తే, మళ్లీ ఎక్కించకుండానే ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అందుకే రాత్రి ఆసుపత్రి మూసినా ఆ అయస్కాంతం మూతపడదు. దాని బలం భూమి అయస్కాంతానికి 30 వేల రెట్లకు పైమాటే.

ఇక ఆ అయస్కాంతం మన ఒంట్లో దేన్ని పలకరిస్తుంది? హైడ్రోజన్‌ను. మన ఒంట్లో ప్రతి నూరు పరమాణువుల్లో అరవైకి పైగా హైడ్రోజన్‌వే. నీళ్లలో ఉన్నది, కొవ్వులో ఉన్నది అదే. దాని కేంద్రకం ఒక్క ప్రోటాన్. అది తనంతట తానొక బుల్లి అయస్కాంతం. పెద్ద అయస్కాంతం దగ్గరికి చేరగానే, ఒరిగిన బొంగరం తలతిప్పుతున్నట్టు, క్షేత్రం చుట్టూ తల తిప్పడం మొదలుపెడుతుంది. సెకనుకు ఆరు కోట్ల నలభై లక్షల సార్లు. అదే లయలో రేడియో తరంగాలు పంపితే ప్రోటాన్లు వాటిని అందుకుని పక్కకు ఒరుగుతాయి. తరంగం ఆపగానే మళ్లీ నిలదొక్కుకుంటూ అదే లయలో సన్నటి రేడియో జవాబు ఇస్తాయి. ఎఫ్ఎం పాటల తరంగాలకు కాస్త కింది మెట్టు అది. ఆ జవాబు అన్నిచోట్లా ఒక తీరున రాదు. వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలో నీరు బాగా ఉంటే ఒక తీరు, ఎండిపోతే ఇంకో తీరు. కొవ్వులో ఒకటి, మెదడులో ఒకటి, కణితిలో ఇంకొకటి. వాటిని పోగుచేసి కంప్యూటరు బొమ్మ గీస్తుంది. సొరంగంలో చెవులు చిల్లులుపడేలా వినిపించే దడదడలు ప్రోటాన్లవి కావు. ఏ జవాబు ఎక్కణ్ణించి వచ్చిందో గుర్తుపట్టడానికి వేగంగా కరెంటు మార్చే చుట్టలు అదిరే శబ్దం అది. ఈ పద్ధతిని బొమ్మలకు పనికొచ్చేలా మలచినందుకు లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ ఇచ్చారు.

ఒంటిని కోయకుండా, ఎక్స్‌రే తగలకుండా, మా అమ్మ నడుములో ఏ బిళ్ల నలిగిందో కనిపించింది. ఆ బొమ్మ చూస్తుంటే నాకు వేరే సంగతి తోచింది. ఆమె ఒంట్లోని హైడ్రోజన్ కేంద్రకాలు విశ్వం మొదలైన తొలి క్షణాల నాటివి. వాటిని పలికించడానికి చలువనిచ్చిన హీలియం ఏదో కాలంలో ఏదో రాతిలో యురేనియం విరిగి పుట్టింది. సూర్యుడి కడుపులో ఒకటి ఇంకొకటిగా మారే జంట ఇది. ఇక్కడ ఒకటి మనిషి ఒంట్లో, ఒకటి గోడలో ఉండి, నడుము నొప్పి కారణం చెప్పాయి. ఇంతకన్నా పెద్ద వింత ప్రకృతిలో నాకు తెలియదు.

ఆ గోడలోని హీలియం ఎక్కణ్ణించి వస్తుంది? గాలిలోంచి కాదు. గాలిలో అది పది లక్షల పాళ్లలో ఐదు పాళ్లే. రాళ్లలో పుట్టి, పగుళ్ల గుండా పైకి జరుగుతూ, ఉప్పుపొరల కింద సహజవాయువుతో పాటు చిక్కుకున్నదాన్నే తీస్తారు. 1903లో అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం డెక్స్‌టర్ అనే పల్లెలో గ్యాసు బావి పడింది. ఊరంతా పండగ చేసుకుని, మండే గడ్డిమోపును దాని మీదికి తోశారు. గ్యాసు అంటుకోలేదు సరికదా, గడ్డి మంటే ఆరిపోయింది. రెండేళ్లకు కాన్సాస్ విశ్వవిద్యాలయంలో పరీక్షిస్తే అందులో ఎక్కువ నత్రజని, దానితో నూటికి దాదాపు రెండు వంతులు హీలియం. ఒకప్పుడు సూర్యుడి అంచున మాత్రమే ఉందనుకున్నది అంత దండిగా దొరకడం అదే మొదలు. ఇవాళ ప్రపంచానికి అమెరికా, ఖతార్ వంటి కొద్ది దేశాలే ఇస్తున్నాయి. మన దేశం కొనుక్కుంటోంది. శ్రీహరికోటలో రాకెట్ల ట్యాంకుల్లో ద్రవ ఇంధనాన్ని ఒత్తిడితో నెట్టేది కూడా ఈ వాయువే.

ఒక ఎమ్మారై యంత్రానికి వెయ్యి లీటర్లకు పైగా ద్రవ హీలియం కావాలి. ఏడెనిమిది లీటర్లతో నడిచే కొత్త యంత్రాలు వచ్చాయి, అది మంచి మాట. ఎందుకంటే ఈ వాయువు పోతే తిరిగి రాదు. నీరు ఆవిరైతే వానై కురుస్తుంది. ఇనుము తుప్పుపడితే నేలలోనే ఉంటుంది. హీలియం దేనితోనూ కలవదు, ఎక్కడా నిలవదు. గాలిలోకి వదిలితే చెదిరి పైకి పోతుంది. భూమి ఆకర్షణ దాన్ని పట్టి ఉంచలేదు. వాతావరణం పైకొసన వేడెక్కి, కాలక్రమంలో అంతరిక్షంలోకి జారిపోతుంది.

పుట్టినరోజులకు, పెళ్లి ఫంక్షన్లకు ఇప్పుడు పైకి ఎగిరే బుడగలు కట్టడం మామూలైపోయింది. కొన్నిటిలో చవగ్గా దొరికే హైడ్రోజన్ నింపుతారు, అది నిప్పు తగిలితే పేలుతుంది. మిగతావాటిలో నింపేది ఈ హీలియమే. పిల్లల గొంతు మారడం చూసి నవ్వడానికి దాన్ని పీల్పించేవాళ్లూ ఉన్నారు. ఊపిరితిత్తుల్లోంచి ఆక్సిజన్‌ను నెట్టేస్తుంది కనుక అది ప్రాణాలకే ముప్పు, ఎవరూ చేయకండి. కోట్ల ఏళ్లపాటు రాళ్లు కూడబెట్టిన దాన్ని ఒక సాయంత్రం ముచ్చటకు వదిలేయడం తప్పని నేను అనుకుంటాను. మీ ఇంట్లో వచ్చే వేడుకకు మామూలు బుడగలు ఊది, దారంతో గుమ్మానికి కట్టండి. పిల్లలు వాటితోనూ అంతే ఆడుకుంటారు.